రెయిన్‌బో హాదీని ఎలా రాయాలి?

మా ఆఫీసులో నెలకోసారి శుక్రవారం సాయంత్రం క్విజ్ పెడతారు. మొన్నొక ప్రశ్న వచ్చింది: రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టిందెవరు? మా టీమ్ బొంబాయి పేర్లు రెండు చెప్పింది, మద్రాసు పేరొకటి చెప్పింది. అన్నీ తప్పే. జవాబు ఎస్.ఎం. హాదీ. ఊరు హైదరాబాద్. రంజీ మొదలైన 1934-35 సీజన్‌లోనే, మద్రాసు మీద, హైదరాబాద్ తరఫున 132 నాటౌట్.

నేను పుట్టి పెరిగింది ఉప్పుగూడలో. పాతబస్తీ గురించి ఎవరైనా తెలిసీ తెలియకుండా మాట్లాడితే కొట్లాటకి దిగే రకాన్ని. క్రికెట్ గురించి ఇంకా ఎక్కువ కొట్లాడతాను. అలాంటి నాకు ఈ పేరు తెలీదు. ఆ రాత్రి హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కి, కూర్చోడానికి సీటు దొరికాక, ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. మలక్‌పేట దాటేసరికి దొరికిందంతా చదవడం అయిపోయింది. ఉప్పుగూడ ఇంకా రాలేదు. అంత కొంచెమే ఉంది.

ఆ కొంచెం ఇది. సయ్యద్ మహమ్మద్ హాదీ 1899 ఆగస్టు 12న హైదరాబాద్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో పీటర్‌హౌస్ కాలేజీలో చదివాడు. 1924లో, 1925లో ఇండియా తరఫున డేవిస్ కప్ ఆడాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ డబుల్స్ ఆడాడు. (ఆ తర్వాత ఒలింపిక్స్‌లోంచి టెన్నిస్‌నే తీసేశారు, మళ్ళీ వచ్చింది 1988లో.) పదేళ్ళ తర్వాత క్రికెట్లో ఆ 132. 1936లో ఇండియా టీమ్‌తో ఇంగ్లండ్ టూరుకి వెళ్ళాడు, టెస్టు మాత్రం ఆడలేదు. ఇవి గాక హాకీ, ఫుట్‌బాల్, పోలో, టేబుల్ టెన్నిస్, చదరంగం. లెక్కపెడితే ఏడు. అందుకే ‘రెయిన్‌బో హాదీ’ అన్నారు. 1971 జులైలో చనిపోయాడు.

ఇది ఆయన జీవితచరిత్ర కాదు. అది రాయడానికి కావలసిన సరంజామా నా దగ్గర లేదు. ఇలాంటి మనిషిని మనం రాసే పద్ధతితో నాకు పేచీ ఉంది, అది చెప్పుకుందామని ఈ వ్యాసం.

మొదటి పేచీ ఆ ముద్దుపేరుతోనే. ‘రెయిన్‌బో’ వినడానికి బాగుంటుంది, గుర్తుంటుంది, ఏడు అనే అంకె కూడా సరిపోయింది. కానీ అది మెచ్చుకోలు లాంటి ఒక ఇన్వెంటరీ. ఏడు రంగుల్నీ పక్కపక్కన పరిచి చూపించి, అక్కడితో పని అయిపోయిందంటుంది. ఏ రంగు ఎంత గాఢంగా ఉంది? హాకీ స్టిక్ పట్టుకున్న చెయ్యి బ్యాట్ పట్టుకున్నప్పుడు ఏం గుర్తుపెట్టుకుంది? ఒంట్లో ఊపిరంతా అయిపోయే ఫుట్‌బాల్‌కీ, గంటలకొద్దీ కదలకుండా కూర్చునే చదరంగానికీ ఒకే మనిషిలో పొత్తు ఎలా కుదిరింది? ఈ ప్రశ్నలు పుట్టకుండానే ఆ పేరు మన నోరు మూయించేస్తుంది. హరివిల్లుని ఎప్పుడూ దూరంగా నిలబడే చూస్తాం. దాని దగ్గరికి వెళ్ళినవాడు లేడు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు అనుకోకండి. ఐర్లండ్‌లో ఫ్రాంక్ స్టోకర్ అని ఒకాయన ఉండేవాడు. 1890లోనూ 1893లోనూ జాషువా పిమ్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచాడు. ఐర్లండ్ జట్టుకి రగ్బీ కూడా ఆడాడు. వృత్తి పళ్ళ డాక్టరు. ఇన్ని ఉన్నా ఆయన గురించి ఎవరైనా ముందు చెప్పే మాట ఏమిటంటే, ‘డ్రాక్యులా’ రాసిన బ్రామ్ స్టోకర్‌కి చుట్టం అని. రెండు ఆటల్లో దేశానికి ఆడేంత పనితనం ఉన్నా, ఆఖరికి మిగిలింది ఇంటిపేరు మీద ఒక తమాషా. హాదీకి ముద్దుపేరు ఎలాగో ఆయనకి ఆ చుట్టరికం అలాగ. రెండూ క్విజ్ మాస్టర్లకి పనికొచ్చేవే.

నా ఉద్యోగం డేటాబేసులతో. కాబట్టి నాకు ఈ సమస్య ఇలా కనిపిస్తుంది. క్రికెట్ వాళ్ళకి వాళ్ళ టేబుల్ ఉంది, అందులో ‘ఎస్.ఎం. హాదీ’ అని ఒక వరుస. టెన్నిస్ వాళ్ళ టేబుల్లో ఇంకో వరుస. ఒలింపిక్స్ వాళ్ళ దగ్గర మూడోది. ప్రతి టేబుల్లోనూ ఆయన ఓ మోస్తరు మనిషే. క్రికెట్ టేబుల్ దృష్టిలో టెస్టు ఆడనివాడు. ఒలింపిక్ టేబుల్ దృష్టిలో పతకం రానివాడు. ఆ వరుసలన్నిటినీ కలిపే జాయిన్ ఎవరూ రాయలేదు. కలిపితేగానీ ఆయన ఎవరో తెలీదు, కలపడం ఎవరి డ్యూటీ కాదు. గొప్పతనమంతా టేబుళ్ళ మధ్య ఖాళీల్లో ఉన్న మనిషి ఈయన. మన రికార్డులు ఖాళీల్ని దాచిపెట్టవు.

హాదీ పక్కన ఇంకొకాయన్ని నిలబెడితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అదే 1936 టూరులో ఉన్నాడు, కోటా రామస్వామి. మద్రాసులో స్థిరపడిన తెలుగు నాయుళ్ళ కుటుంబం. తండ్రి బుచ్చిబాబు నాయుడు, మద్రాసు క్రికెట్‌కి పితామహుడంటారే, ఆయన. చేపాక్‌లో తెల్లవాళ్ళ పెవిలియన్‌లోకి మనవాళ్ళని రానివ్వకపోతే, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి మనవాళ్ళ కోసం మైదానం తయారుచేశాడు. ఆయన పేరుతో టోర్నమెంటు ఇప్పటికీ నడుస్తోంది. కొడుకు రామస్వామి 1896 జూన్‌లో పుట్టాడు. హాదీలాగే కేంబ్రిడ్జి. హాదీలాగే డేవిస్ కప్, ఈయనది 1922. హాదీలాగే మళ్ళీ క్రికెట్.

ఆ టూరు సంగతి వేరే చెప్పాలి. కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్. టీమ్‌లో సి.కె. నాయుడు ఉన్నాడు, నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో లార్డ్స్‌లో, ఓవల్‌లో తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడిపోయాం. మాంచెస్టర్‌లో మాత్రం డ్రా. ఆ మాంచెస్టర్ టెస్టులోనే, నలభై ఏళ్ళు దాటాక, రామస్వామి టెస్టు క్రికెట్లో అడుగుపెట్టాడు. 40, 60 కొట్టాడు. తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. అంతే, మళ్ళీ టెస్టు ఆడలేదు. మొత్తం 170 పరుగులు, సగటు 56.66. రెండే టెస్టులు కాబట్టి సగటు పెద్ద విషయం కాదంటారు. సరే. కానీ నలభై ఏళ్ళ టెన్నిస్ ఆటగాడు అక్కడికి వెళ్ళి నాలుగు ఇన్నింగ్స్‌లోనూ నిలబడ్డాడు.

ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన చూడండి. ఇద్దరూ డేవిస్ కప్ ఆడారు, ఇద్దరూ అదే టూరులో ఉన్నారు. రామస్వామికి ‘డబుల్ ఇంటర్నేషనల్’ అనే బిరుదు దక్కింది, ఎందుకంటే రెండు టెస్టులు ఆడాడు. ఆయనకంటే మూడేళ్ళు చిన్నవాడైన హాదీకి దక్కలేదు, ఎందుకంటే పదకొండు మందిలో పేరు రాలేదు. ఇద్దరి జీవితాల మధ్య ఉన్న తేడా ఒక సెలక్షన్ మీటింగ్. మనం రాసే చరిత్ర మాత్రం ఆ మీటింగ్‌నే గోడలా పట్టుకుని ఒకర్ని లోపల, ఇంకొకర్ని బయట కూర్చోబెడుతుంది.

రామస్వామి ఇంకో పని చేశాడు. ఆత్మకథ రాసుకున్నాడు. 1966లో ఇంగ్లీషులో వచ్చింది, పేరు ‘ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్’. దాని టైటిల్ దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. తెలుగులో ఏమనాలి దీన్ని? ‘ఓ ఆటల పిచ్చోడి కబుర్లు’ అనొచ్చు. మా గల్లీలో అయితే ‘ముచ్చట్లు’ అంటాం. మరీ నిజాయితీగా అయితే ‘సోది’ అనాలి. ఆయన ఎంచుకున్న మాటలో తనని తాను కొంచెం వెక్కిరించుకోవడం ఉంది మరి. ఇక ‘అడిక్ట్’. పిచ్చి అంటే తేలిపోతుంది. వ్యసనం అనాలి. అనగానే మనకి సప్తవ్యసనాలు గుర్తొస్తాయి. రాజు పాడైపోయే ఏడు దారులు అవి, వాటిలో జూదం ఉంది, వేట ఉంది. అంటే రెండు ఆటలు. ఆట ముదిరితే వ్యసనమే అని మన పెద్దవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. పాచికలతో ధర్మరాజు ఏమయ్యాడో ఇంట్లో అందరూ చెప్పినవాళ్ళే.

అందుకే ఆ టైటిల్ నాకు నచ్చింది. ఛాంపియన్ అనుకోలేదు, యోధుడు అనుకోలేదు, విజయగాథ అనలేదు. వదల్లేకపోయాను, అంతే, అన్నాడు. ఏడు రంగులనే పొగడ్త కంటే, వదల్లేకపోవడం అనే ఒప్పుకోలు ఇలాంటి జీవితానికి బాగా దగ్గరగా ఉంది. హాదీ ఏడు ఆటలు ఎందుకు ఆడాడు? ఏడింటిలో గొప్పవాణ్ణి అనిపించుకోవాలని అయితే ఏ ఒక్కదాన్నో గట్టిగా పట్టుకునేవాడు. ఏ ఒక్కదాన్నీ వదల్లేకపోయాడేమో అన్నది నా చదువు. నా ఊహే, కానీ ‘ప్రతిభావంతుడు’ అని ఊరుకోవడం కంటే ఈ ఊహ వెంట పోతే మనిషి కనిపించే అవకాశం ఎక్కువ.

రామస్వామి కథ చివర ఇంకో మలుపు ఉంది. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. క్రికెట్ రికార్డులు చాలాకాలం ఆగి, ఆయన చనిపోయి ఉంటాడని రాసుకున్నాయి. సగటు రెండు దశాంశాల దాకా పక్కాగా ఉన్న మనిషికి, పోయిన తేదీ మాత్రం ఊహ. పుస్తకం ఉంది, మనిషి ఏమయ్యాడో తెలీదు. హాదీకి పుట్టిన తేదీ ఉంది, పోయిన తేదీ ఉంది, మధ్యలో ఉన్న మనిషి లేడు. వీళ్ళిద్దరిలో ఎవరు ఎక్కువ తప్పిపోయారంటే నేను చెప్పలేను.

సరే, ఇలాంటి జీవితాల్ని మనం ఎందుకు రాయం? నా లెక్కలో కారణం తేలికే. మన దగ్గర ఆటగాడి కథ అంటే ఒకటే అచ్చు. నిచ్చెన. కింద పేదరికమో అవమానమో, మధ్యలో చెమట, పైన గెలుపు. గెలుపు లేకపోతే చావు. ‘జెర్సీ’ చూసి నేనూ ఏడ్చాను, కాదనను. ఆ సినిమాలో ప్లాట్‌ఫాం మీద నాని అరిచే సీన్ గుర్తొచ్చి, ఉప్పుగూడ స్టేషన్‌లో దిగినప్పుడల్లా ఒకసారి అరిచి చూద్దామా అనిపిస్తుంది. (అరిస్తే మా కాలనీ వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తారు.) అలాగే ‘మైదాన్’. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద 2024లో హిందీ సినిమా వచ్చిందంటే సంతోషించాను. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారం, మరుసటేడే క్యాన్సర్‌తో మరణం. ఆ జీవితం దానికదే నిచ్చెనలా ఉంది, సినిమాకి సరిపోయింది.

హాదీ జీవితాన్ని ఆ నిచ్చెనకి ఆనించలేం. అది పైకి పోదు, పక్కకి పోతుంది. 1924లో ఒలింపిక్స్, 1934లో రంజీ సెంచరీ. ఏది క్లైమాక్స్? టెన్నిస్ వదిలేసి క్రికెట్‌కి రావడం పైకెక్కడమా, కిందికి దిగడమా? ఇంటర్వెల్ ఎక్కడ వెయ్యాలి? ‘రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు’ అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఏడు పడవలవాడి కథకి మన దగ్గర అచ్చు లేదు. అచ్చు లేదు కాబట్టి ముద్దుపేరు పెట్టి పక్కన పెట్టాం.

ఇక్కడ నాకు నేనే అడ్డు తగలాలి. ఇదంతా నవాబీ వ్యవహారం కదా? పోలో అంటే గుర్రం కావాలి, టెన్నిస్ అంటే కోర్టు కావాలి, అన్నిటికంటే ముందు మధ్యాహ్నాలు ఖాళీగా ఉండాలి. ఆ కాలం హైదరాబాద్ క్రికెట్‌ని నడిపింది పాయిగాల లాంటి కుటుంబాల డబ్బు. 1930ల నుంచి ఆడుతున్న మొయినుద్దౌలా గోల్డ్ కప్, ఆ కుటుంబం నవాబు పెట్టిందే. మా ఇంటి నుంచి ఒకవైపు వెళ్తే పీసల్ బండలో పాయిగా సమాధులు, ఇంకోవైపు వెళ్తే గుట్ట మీద ఫలక్‌నుమా. అది కట్టింది కూడా ఒక పాయిగా నవాబే. ఇప్పుడు హోటల్, లోపల బిలియర్డ్స్ టేబుల్ చూపిస్తారు. ఈ గుట్ట కింద ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఏడు ఆటలు ఎక్కడివి? ఒక ఆట దొరికితే, దాని మీద ఉద్యోగం దొరికితే, అదే పదివేలు.

నిజంగా అలాగే జరిగింది కూడా. హాదీ తరం తర్వాత ఈ ఊరికి పేరు తెచ్చింది రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. అక్కడ ఆటకీ జీతానికీ ముడి. ఆ టీమ్ కుర్రాడికి ఇంకో ఆట సరదా కాదు, రిస్క్. కాలు విరిగితే ఇల్లు గడవదు. కాబట్టి హాదీని చూసి ‘ఆహా, ఆ రోజులు’ అని నిట్టూర్చే వ్యాసం రాస్తే అది అబద్ధం. ఆ రోజులు కొందరివే.

అయినా ఈ అభ్యంతరం దగ్గరే ఆగిపోతే ఇంకో అబద్ధంలో పడతాం. పేదవాడికి ఒకే ఆట చాలు అనే అబద్ధం. మా చిన్నప్పుడు మా గల్లీలో ప్రతి పిల్లాడూ ఏడు ఆటలు ఆడేవాడు. గోటీలు, చిర్రగోనె, పతంగులు, కబడ్డీ, క్యారమ్స్, టెన్నిస్ బాల్ క్రికెట్, వానొస్తే ఇంట్లో అష్టాచెమ్మా. ఎవరూ రెయిన్‌బో అనలేదు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఒక్కొక్క రంగూ గోడకి సున్నం వేసినట్టు పోయింది. నేను చేరిన ఇంటర్ కాలేజీకి గ్రౌండే లేదు, నాలుగో అంతస్తులో క్లాసు, కిటికీలకి గ్రిల్స్. అక్కడ రెండేళ్ళు ఒకే ఒక ఆట ఆడించారు, దాని పేరు ఎంసెట్. అందులో గెలిచాను కూడా. ఇప్పుడు రెజ్యూమేలో ‘ఫుల్ స్టాక్’ అని రాసుకుంటాను, ఎన్నో పనులు తెలుసన్నట్టు. నిజానికి తెలిసింది ఒక కుర్చీ.

నవాబులకి దక్కి మనకి దక్కనిది గుర్రం ఒక్కటే కాదు. ఏ ఆటలోనూ మొదటి స్థానం రాకపోయినా ఆడుతూ ఉండొచ్చు అనే హక్కు. దాన్ని వాళ్ళ సొత్తు అని వదిలేయడం నాకు ఇష్టం లేదు. హాదీ గురించి ఎవరైనా బాగా రాయాలని నేను అడగడం వెనక ఉన్న స్వార్థం ఇదే.

ఎలా రాయాలో ఒక ప్రతిపాదన చేస్తాను, నచ్చినవాళ్ళు తీసుకోండి. సంవత్సరాల వారీగా రాయకండి. అలా రాస్తే మళ్ళీ నిచ్చెనే వస్తుంది, 1924, 1934, 1936 అని మెట్లు కనిపిస్తాయి. వారాల వారీగా రాయండి. ఏదో ఒక మామూలు సోమవారం పట్టుకోండి. పొద్దున ఏ ఆట, సాయంత్రం ఏ ఆట, రాత్రి చదరంగం బల్లకి అవతల కూర్చున్నది ఎవరు? రాకెట్‌కి అలవాటు పడ్డ మణికట్టు మర్నాడు బ్యాట్‌తో ఏం తప్పు చేసింది? గుర్రాన్ని చూసుకున్న మనిషి పేరేమిటి, బంతులు ఏరిన పిల్లలు ఎవరి పిల్లలు? ఇలా రాస్తే 132 నాటౌట్ కూడా ఒక వారంలో ఒక రోజుగా వస్తుంది. మర్నాడు ఆయన ఇంకేదో ఆడి ఉంటాడు. క్విజ్ ప్రశ్నలో లేని మనిషి ఆ మర్నాడులో ఉన్నాడు.

ఇది చదివి ఎవరైనా, ఒలింపిక్స్‌కి ఆడిన మనిషి గురించి మాట్లాడుతూ గోటీలు మధ్యలో తెచ్చావేంటి అనొచ్చు. తెచ్చాను, ఎందుకంటే ఆయన్ని అర్థం చేసుకోడానికి నాకు ఉన్న దారి అదొక్కటే. కేంబ్రిడ్జి నాకు తెలీదు. వదల్లేకపోవడం తెలుసు.

పోయిన సంక్రాంతికి మా గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. రెండు ఇటుకల వికెట్, నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ఓవర్లో అయిదు బంతులయ్యాయి. మ్యాచ్ కూడా టైట్‌గానే ఉంది. అప్పుడే పైనుంచి తెగిన పతంగి ఒకటి ఊగుతూ స్టేషన్ వైపు దిగింది. బౌలర్ బంతి అక్కడే పడేసి పరిగెత్తాడు. బ్యాట్స్‌మన్ బ్యాట్ పట్టుకునే పరిగెత్తాడు. వికెట్ కీపర్ చెప్పు ఒకటి ఇక్కడే వదిలేశాడు. ఆరో బంతి ఎవరూ వెయ్యలేదు. పావుగంట తర్వాత వచ్చి, స్కోరు ఎంతో గుర్తులేక, మొదట్నుంచి మొదలుపెట్టారు.